కుంచె నోటికి తాకరాదు

గత వేసవి సెలవులలో మా మనుమరాలు నా పక్కన కూర్చొని బొమ్మ వేస్తూ, కుంచె కొన విడిపోయినప్పుడు దానిని పెదవుల మధ్య ఉంచి సన్నగా చేసుకొన్నది. నేను గట్టిగా అరిచాను. పిల్ల బెదిరిపోయి, "మీరూ అట్లాగే చేస్తారుగా తాతయ్యా!" అన్నది. నిజమే. ఉద్యోగ విరమణ తరువాత అక్రిలిక్ రంగులతో చిత్రాలు వేయడం మొదలుపెట్టిన నాకు, తెలియకుండానే ఆ అలవాటు పట్టుబడింది. నేను కోప్పడవలసినది ఆ పిల్ల మీద కాదు.

ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చినది నలభై ఏళ్ల కిందటి ఒక రోగి. అప్పుడు నేను ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. ముప్పై అయిదేళ్ల మనిషి, మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోయిన ముఖం. కడుపులో పుండు అనుకొని మూడుసార్లు మందులు రాసి పంపాను. నాలుగోసారి వచ్చేనాటికి అతని కుడిచేతి మణికట్టు వేలాడిపోయి ఉన్నది. మా పెద్ద డాక్టరుగారు అతని పెదవి ఎత్తి చూశారు. చిగుళ్ల అంచున నీలిరంగు గీత. "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగారు. అతడు గుడ్డ బ్యానర్లు రాస్తాడు. రంగుపొడులను బంకనీళ్లలో కలుపుకొంటాడు. అక్షరం సన్నగా రావడానికి కుంచెను పెదవులతో సరిచేసుకొంటాడు. అతడు వాడే పసుపు రంగు పొడిలో సీసం ఉన్నది. ఆ పని మానిపించి చికిత్స చేసిన తరువాత నొప్పి తగ్గింది. చేయి తిరిగి లేవడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. ఆ ఒక్క ప్రశ్న నేను మొదటిసారే అడిగి ఉంటే, బహుశా అతని చేయి పడిపోయేది కాదు.

రోగిని "నీ వృత్తి ఏమిటి?" అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వెలువరించిన వృత్తి వ్యాధుల గ్రంథంలోనే చెప్పాడు. చిత్రకారుల రోగాలకు ఆయన ఆ గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. 1920 దశకంలో అమెరికాలోని న్యూజెర్సీలో గడియారాల ముఖాల మీద రేడియం రంగుతో అంకెలు రాసిన యువతులు, కుంచె కొనను పెదవులతో సరిచేసుకొని దవడ ఎముకలు కుళ్లి మరణించారు. ఇవన్నీ చదువుకొని కూడా నేను కుంచెను నోట్లో పెట్టుకొన్నాను. తెలిసి ఉండటం వేరు, అలవాటు వేరు.

అక్రిలిక్ రంగు అంటే నీటిలో తేలియాడే సన్నని ప్లాస్టిక్ కణాలు, వాటితో కలిసిన రంగుపొడి. నీరు ఆవిరి కాగానే ఆ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కొని పొరగా మారుతాయి. ఆ పొర మళ్లీ నీటిలో కరగదు. టర్పెంటైన్ అవసరం లేదు కనుక ఉబ్బసం ఉన్నవారికి తైలవర్ణాలకంటె ఇవి మేలు. అయితే నీటితో కలిపేది కదా అని పూర్తిగా నిరపాయకరం అనుకోరాదు. చెడిపోకుండా కలిపే రసాయనాలు కొందరి చర్మానికి పడవు. వేళ్ల సందుల్లో దురద, దద్దుర్లు వస్తే చేతి తొడుగులు వాడండి, చర్మవైద్యునికి చూపించండి.

ట్యూబు కొనేటప్పుడు ముందువైపు ఉన్న అందమైన పేరు కాదు, వెనుక ఉన్న వర్ణక సంకేతం చదవండి. పి.డబ్ల్యు. 6 అంటే టైటానియం తెలుపు. పి.డబ్ల్యు. 1 అంటే సీసపు తెలుపు, దానిని ఇంటికి తేవద్దు. పి.వై. 35, పి.ఆర్. 108 అన్నవి కాడ్మియం పసుపు, ఎరుపు. కాడ్మియం ధూళి పీల్చడం క్యాన్సర్ కారకమని తేలింది. కనుక ఆ రంగులను స్ప్రే చేయరాదు, ఎండిన పొరను గరుకు కాగితంతో రుద్దరాదు. రంగు పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే, అది అసలు వర్ణకం కాదు, ఆ ఛాయను ఇచ్చే ప్రత్యామ్నాయం అని అర్థం. ఇంట్లో పిల్లలు ఉంటే అదే మంచిది. టైటానియం తెలుపు, ఆరిలైడ్ పసుపు, నాఫ్తాల్ ఎరుపు, అల్ట్రామెరీన్ నీలం, థాలో నీలం, ఇనుప ఆక్సైడు ఎరుపు - ఈ ఆరింటితో నాకు కావలసిన ఛాయలు దాదాపు అన్నీ వస్తున్నాయి. విద్యార్థుల శ్రేణి రంగులలో వర్ణకం తక్కువ, నింపుడు పదార్థం ఎక్కువ. నేర్చుకోవడానికి అవి చాలు. తెలుపు ఒక్కటి మాత్రం మంచిది కొనండి, అన్నింటికంటె ఎక్కువగా ఖర్చయ్యేది అదే.

కుంచెలు నైలాన్ వంటి కృత్రిమ వెంట్రుకలవే మేలు. పంది వెంట్రుకలు నీటిలో నాని మెత్తబడతాయి. ఖరీదైన సేబుల్ వెంట్రుకలను క్షారగుణం కలిగిన అక్రిలిక్ పాడుచేస్తుంది. ఒక బల్లపరుపు కుంచె, ఒక గుండ్రటిది, సన్నగీతలకు ఇంకొకటి ఉంటే ఆరంభానికి సరిపోతుంది. కీళ్లనొప్పులు ఉన్నవారు పిడికి మెత్తని స్పాంజి గొట్టం తొడిగితే పట్టు సులువవుతుంది. నా చేయి కొద్దిగా వణుకుతుంది. బల్లకు అడ్డంగా ఒక కర్ర పెట్టుకొని మణికట్టును దానిమీద ఆనిస్తాను. కొన సన్నబడాలంటే కుంచెను తడిపి, తడిగుడ్డ మీద తిప్పుతూ లాగితే చాలు. పెదవుల అవసరమే లేదు. రంగు ఎండితే కుంచె పనికిరాదు కనుక వెంటనే కడగాలి. అయితే ముందు గుడ్డతో రంగు తుడిచి, తరువాతనే కడగాలి. కడిగిన నీటిని వంటింటి తొట్టిలో పారబోయవద్దు.

ఇక రంగు వేసే తలం. 300 జి.ఎస్.ఎం. మందపు కాగితం నీటికి అంతగా ముడుచుకోదు. నేర్చుకొనేవారికి అది చవకైన మార్గం. కాన్వాసుకు జెస్సో పూత ఉండాలి. తెలంగాణలోని చేర్యాల చిత్రకారులు వస్త్రానికి చింతగింజల గంజి, సుద్దమట్టి పూసేది కూడా ఇందుకే. పూత లేని గుడ్డ రంగును పీల్చేస్తుంది. తైలవర్ణాలకు నూనెపూత పూసిన కాన్వాసు మాత్రం కొనవద్దు, దానిమీద అక్రిలిక్ నిలవదు. ఎం.డి.ఎఫ్. చెక్కను ఇంట్లో కోయకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కోయించి తెచ్చుకొని అన్నివైపులా పూత వేయండి. జెస్సోను నునుపు చేయాలంటే తడిపి రుద్దండి, దుమ్ము లేవదు.

నా బల్ల మీద ఇప్పుడు కాఫీ గ్లాసు ఉండదు. కుంచెలు ముంచే నీటికి వెడల్పు మూత గల గాజుసీసా పెట్టాను, తాగే పాత్ర అని ఎవరూ పొరబడకుండా. బొమ్మ వేసే చోట తినడం, తాగడం లేదు. లేచేముందు సబ్బుతో చేతులు కడుగుతాను.

మనుమరాలు వారానికి ఒకసారి ఫోన్లో నా చిత్రాలు చూస్తుంది. చూడడానికి ముందు ప్రతిసారీ, "తాతయ్యా, కుంచె ఎక్కడ తుడిచారు?" అని అడుగుతుంది. నేను తడిగుడ్డ ఎత్తి చూపిస్తాను. అప్పుడు నేను అడగని ప్రశ్నను, ఇప్పుడు ఈ పిల్ల నన్ను అడుగుతున్నది.