పరాయి దేశంలో పుట్టింటి రుచి

న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్. హడ్సన్ స్ట్రీట్ వెంట నడుస్తుంటే ఓ చిన్న కొట్టు కనిపిస్తుంది. పేరు 'మైయర్స్ ఆఫ్ కెస్విక్'. లోపల అరల నిండా బీన్స్ డబ్బాలు, టీ పొట్లాలు, బిస్కెట్లు. అద్దాల బీరువాలో పోర్క్ పైలు, సాసేజ్ రోల్స్. నేను వెళ్లేసరికి తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు రెండు పైలు కట్టించుకుంటున్నారు. ఇంటికి వెళ్లేదాకా ఆగలేకపోయారో ఏమో, గుమ్మం దాటగానే పొట్లం విప్పేశారు!

కెస్విక్ అనేది ఇంగ్లండ్‌లో సరస్సుల నడుమ ఉన్న ఊరు. అక్కడి మాంసం వ్యాపారుల కుటుంబంలో పుట్టిన పీటర్ మైయర్స్ 1985లో ఈ దుకాణం తెరిచారు. మాంసం పదార్థాలను వెంట తెచ్చుకోవాలంటే అమెరికా కస్టమ్స్‌ దగ్గర సవాలక్ష ఆంక్షలు. అందుకే పైలూ సాసేజ్‌లూ ఇక్కడే తయారు చేస్తారు.

అమెరికాలో బ్రిటిష్ వాళ్లకి తిండికి ఇబ్బందేంటి, ఇద్దరిదీ ఒకే భాష కదా అనుకుంటాం. తంటా అంతా అక్కడే! హోటల్లో బిస్కెట్ అడిగితే మెత్తటి రొట్టెముక్క వస్తుంది. చిప్స్ అంటే వేడివేడి బంగాళాదుంప ముక్కలకు బదులు కరకరలాడే పలుచటి రేకులు పెడతారు. బీన్స్‌దీ అదే కథ. హెయింజ్ అచ్చంగా అమెరికా కంపెనీయే. కానీ బ్రిటన్ వాళ్లు పొద్దున్నే టోస్ట్ మీద వేసుకునే బీన్స్ టమాటా సాస్‌లో ఉండాలి. అమెరికా బీన్స్‌లో బెల్లపు పాకం లాంటి తీపి. చిన్నప్పటి నుంచీ అలవాటైన నాలుకకి ఆ తీపి అస్సలు ఎక్కదు.

ఇక టీ. బ్రిటన్‌లో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. అందుకని ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్లు మరగడం ఇక్కడ ఆలస్యం. చాలా ఇళ్లలో అసలు కెటిలే ఉండదు, మైక్రోవేవ్‌లో కప్పు పెట్టేస్తారు. ఆ దృశ్యం చూస్తే బ్రిటిష్ వాళ్ల ముఖం... మన కాఫీ ఫిల్టర్‌లో ఎవరో ఇన్‌స్టంట్ పొడి వేసినట్టే!

అన్నిటికంటే పెద్ద గొడవ చాక్లెట్‌ది. అమెరికాలో క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారు చేసే హక్కు 1988 నుంచీ హెర్షీ కంపెనీది. పేరొకటే, రుచి వేరు. బ్రిటన్ డెయిరీ మిల్క్ రేపర్ మీద పదార్థాల్లో మొదట కనిపించేది పాలు. హెర్షీ తయారు చేసేదాని మీద చక్కెర! దాంతో ఇక్కడి బ్రిటిష్ కొట్లు అసలు సరుకు తెప్పించుకునేవి. హెర్షీ కోర్టుకెళ్లింది. 2015లో ఓ దిగుమతిదారుతో రాజీ కుదిరి ఆ సరఫరా ఆగిపోయింది. గ్రెనిచ్ అవెన్యూలోని 'టీ అండ్ సింపథీ' లాంటి చోట్ల జనం మండిపడ్డారు. పిల్లల చాక్లెట్ కోసం పెద్దవాళ్లకి అంత కోపమా అనిపిస్తుంది కానీ, అది వాళ్ల బాల్యం మరి.

స్కాట్లండ్ వాళ్ల బాధ ఇంకా పాతది. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్ కలిపి వండే హ్యాగిస్ లేకుండా ఏటా జనవరి 25న బర్న్స్ విందు జరగదు. అమెరికా 1971లో పశువుల ఊపిరితిత్తులు తినే పదార్థాల్లో వాడకూడదంది. అప్పటి నుంచీ ఇక్కడ దొరికేది ఊపిరితిత్తుల్లేని హ్యాగిస్సే. ఆ విందులో దాని ఎదుట నిలబడి పద్యం చదువుతారు. ఆ మర్యాద మాత్రం తగ్గలేదు.

బ్రిటిష్ కొట్టు లేని ఊళ్లో ఏం చేస్తారు? ఇండియన్ స్టోర్‌కి వెళ్తారు! డైజెస్టివ్ బిస్కెట్లు, కస్టర్డ్ పొడి, ఘాటైన టీపొడి మన కందిపప్పు సంచుల పక్కనే ఉంటాయి. హార్లిక్స్ కూడా అక్కడే. తమాషా ఏంటంటే, హార్లిక్స్ పుట్టిందే అమెరికాలో. ఇంగ్లండ్ నుంచి వలసొచ్చిన ఇద్దరన్నదమ్ములు 1870ల్లో మొదలుపెట్టారు. అది సముద్రం దాటి బ్రిటన్ వెళ్లింది, అక్కణ్నుంచి మన దగ్గరికొచ్చింది. మన రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో దశాబ్దాల పాటు తయారైంది కూడా. ఇప్పుడు అమెరికాలో ఓ బ్రిటిష్ కుటుంబానికి రాత్రిపూట హార్లిక్స్ తాగాలనిపిస్తే, ఆవకాయ సీసాల అరకి అవతల వెతుక్కోవాల్సిందే.