ల్యాబ్‌కి ఆపరేషన్ ఎప్పుడు?

"ఆరు నెలలు నిండగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి" అన్న మాట కుక్కలన్నిటికీ సరిపోదు. ల్యాబ్రడార్ (ల్యాబ్), గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటివాటికి ఆ వయసులో ఎముకలింకా ఎదుగుతూనే ఉంటాయి. ఎముక చివరి గ్రోత్ ప్లేట్లు వేళకు మూసుకోవాలంటే సెక్స్ హార్మోన్లు కావాలి. ఆపరేషన్‌తో అవి ముందే పోతే కాళ్లు కాస్త ఎక్కువే సాగి, కీళ్ల మీద భారం పడే తీరు మారుతుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల రికార్డులు తిరగేస్తే, ఏడాదిలోపు ఆపరేషన్ అయిన మగవాటిలో తుంటి కీలు జబ్బు, చేయించనివాటికి రెట్టింపు కనిపించింది. 2020లో వాళ్లే 35 జాతులు చూస్తే చిన్న జాతుల్లో ఆ ముప్పు పెరగలేదు. (విచిత్రమేంటంటే, అంత భారీ గ్రేట్ డేన్‌లోనూ పెరగలేదు.)

"మరి వీధుల్లో పుట్టే కుక్కపిల్లల సంగతో?" అంటారు. వీధి కుక్కకు కాపలా ఉండదు, దొరికినప్పుడే చేయాలి. గేటు లోపల పెరిగే కుక్క లెక్క వేరు. ఆడకుక్క విషయంలో మాత్రం ఆగాలన్న ఈ వాదన అంత తేలిక కాదు: ఏళ్లకేళ్లు వదిలేస్తే గర్భసంచికి చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు, రొమ్ము గడ్డల భయమూ ఉంది. అందుకే నా లెక్కలో మగ ల్యాబ్‌కి ఏడాది దాటేదాకా ఆగొచ్చు. ఆడదానికి ఎప్పుడన్నది డాక్టరుతో తేల్చుకోవాలి, అసలే మానేయకూడదు. ఎదకొచ్చినప్పుడు కాపలా కాయలేని ఇల్లైతే ముందే చేయించండి, ఆ తర్వాత బరువు పెరగనివ్వకండి.