కొత్త చేప, పాత నీళ్లు



ఈ వేసవి సెలవుల్లో మన సంఘంలో నాలుగైదు ఇళ్లలోకి అద్దాల చేపల తొట్లు వచ్చాయి. పిల్లలు అడిగారు, పెద్దలు కొన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు చివర్లో మెల్లగా, "అయ్యగారూ, తెచ్చిన చేపలు తెచ్చినట్టే చచ్చిపోతున్నాయండి" అంటున్నారు. మందిరం పక్క గదిలో సండేస్కూలు పిల్లల కోసం మేము ఒక తొట్టి పెట్టి ఆరేళ్లయింది కాబట్టి మాకు తెలుసనుకుని అడుగుతున్నారు. తెలిసినంతవరకు చెబుతాము. దాంతోపాటు చేపలది కాని సంగతి కూడా ఒకటి చెప్పవలసి ఉంది.

చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇది. పొద్దున తొట్టి కొంటారు, మధ్యాహ్నం నీళ్లు నింపుతారు, సాయంత్రం పది చేపలు వేస్తారు. నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి గనుక బాగున్నాయనుకుంటారు. కానీ అవి చేప బతకడానికి ఇంకా సిద్ధపడని నీళ్లు. చేప విసర్జించినదాని నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, అడుగున రాళ్ల మీద మెల్లగా పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఒకటి రెండు గట్టి చేపలతో, చిటికెడు మేతతో సరిపెట్టుకోవాలి. తొట్టి కుదిరాక కూడా ఒకేసారి పది వేయకూడదు, రెండు మూడు చొప్పున వేయాలి. స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికేవాళ్లున్నారు. ఆ నీళ్లలోని క్లోరిన్ ఆ మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. తొట్టిలోంచే ఒక మగ్గు నీళ్లు తీసి అందులో పిండితే చాలు. మన ఆడవాళ్లకు ఈ శుభ్రం సంగతి చెప్పి ఒప్పించడం కొంచెం కష్టమే!

ఇక కవరులో తెచ్చిన చేప. చెరువుల పని తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బొచ్చె పిల్లో శీలావతి పిల్లో ఆక్సిజన్ నింపిన కవర్లలో వ్యాను దిగితే, దిగిన వెంటనే ఎవరైనా చెరువులో గుమ్మరిస్తారా? ఎండెక్కకముందే కవర్లను మూతి విప్పకుండా నీళ్ల మీద తేలేసి, లోపలి నీళ్ల వేడి, చెరువు నీళ్ల వేడి ఒకటయ్యేదాకా ఆగుతారు. తర్వాత చెరువు నీళ్లు కొంచెం కొంచెం కవరులోకి పోసి, పిల్ల తనంతట తాను ఈదుకుంటూ బయటికి పోయేలా వంచుతారు. వేల పిల్లల విషయంలో అంత ఓర్పు చూపించే మనిషి, ఇంటికి ఆరు గప్పీలు తెస్తే మాత్రం కత్తెరతో కవరు కోసి గుమ్మరించేస్తాడు.

ఇంట్లోనూ అంతే చేయండి. తొట్టి లైటు ఆర్పేయండి. కవరును పదిహేను ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి. మూతి విప్పి, ఐదేసి నిమిషాలకు అర గ్లాసు చొప్పున తొట్టి నీళ్లు పోస్తూ అరగంట గడపండి. ఆ తర్వాత చిన్న వలతో చేపను మాత్రం ఎత్తి తొట్టిలో వదిలి, కవరు నీళ్లు బయట పారబోయండి. ఆ నీళ్లలో ఏ రోగం వచ్చిందో మనకు కనబడదు. ఆ రోజు మేత వేయకండి.

అయితే దూరం నుంచి, చాలా గంటలు కవరులో ప్రయాణం చేసి వచ్చిన చేపకు పద్ధతి కొంచెం మారుతుంది. చేప వదిలిన బొగ్గుపులుసు గాలి వల్ల కవరు నీళ్లు పుల్లబడతాయి, ఆ పులుపులో అమోనియా విషం అణిగి ఉంటుంది. మూతి విప్పగానే ఆ గాలి పోతుంది, పులుపు తగ్గుతుంది, విషం తిరగబడుతుంది. కాబట్టి అలాంటి చేప విషయంలో మూతి కట్టి ఉండగానే వేడి సమానం చేసి, విప్పాక ఆలస్యం చేయకుండా మంచి నీళ్లలోకి మార్చాలి. దగ్గరి టౌను నుంచి వచ్చిన చేపకు నెమ్మది మంచిది, బాగా అలసి వచ్చిన చేపకు త్వరగా మంచి నీళ్లు కావాలి. ఈ తేడా మాకు చేపల దగ్గరకంటే ముందు మనుషుల దగ్గర తెలిసింది.

ఇంతవరకు చాలామంది చేస్తారు. ఎవరూ చేయనిది మరొకటుంది. కొత్త చేపను నేరుగా పెద్ద తొట్టిలో వేయకుండా రెండు నుంచి నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచడం. ఇరవై లీటర్ల టబ్బయినా చాలు. వేరే స్పాంజి ఫిల్టరు, వేరే వల, చేప దాక్కోవడానికి ఒక పైపు ముక్క. కారణం తెల్లమచ్చ. ఒంటి మీద ఉప్పు కల్లు చల్లినట్టు కనబడుతుంది. కొట్లో చూసినప్పుడు చేప నున్నగా ఉంటుంది, వారం తిరిగేసరికి మచ్చలు తేలతాయి. ఆ పురుగు చర్మం లోపల ఉన్నంతకాలం మందు దాన్ని తాకలేదు. అది రాలి, అడుగున పిల్లలు పెట్టి, ఆ పిల్లలు ఇంకో చేపను వెతుక్కుంటూ నీళ్లలో ఈదేటప్పుడే మందు పనిచేస్తుంది. అందుకే మచ్చలు పోయాయని మందు ఆపేసినవాళ్ల తొట్టిలోకి అది మళ్లీ వస్తుంది.

రొయ్యల చెరువులున్నవాళ్లకు తెల్లమచ్చ అన్న మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. అది వేరే జబ్బు, వైరస్. 1990ల మధ్యలో అది మన తీరానికి వచ్చినప్పుడు ఎన్ని కుటుంబాలు అప్పుల్లో మునిగాయో పెద్దలకు గుర్తుంటుంది. తర్వాత 2009లో వెనామీకి అనుమతి వచ్చినప్పుడు, విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యల్ని ముందు చెన్నై నీలాంకరైలోని కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలని నియమం పెట్టారు. అంత దెబ్బ తిన్నాక నేర్చుకున్న జాగ్రత్త అది.

లేవీయకాండము 13వ అధ్యాయంలోనూ ఇదే క్రమం ఉంది. ఒంటి మీద మచ్చ కనబడితే యాజకుడు ఆ మనిషిని ఏడు దినాలు విడిగా ఉంచి చూడాలి. తేలకపోతే మరో ఏడు దినాలు. ఆ రెండు వారాల లెక్క మా చిన్న తొట్టి దగ్గర కూర్చున్నప్పుడల్లా మాకు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ రెండో సంగతి. సంక్రాంతి వెళ్లాక మన ఊరి చెరువు కాపలాకు వేరే జిల్లా నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. గట్టు మీద పాకలో ఉంటున్నారు. ఆదివారాలు మందిరానికి వస్తున్నారు. ఆయన పూర్వం తాగేవాడని, మానేశాడని విన్నాము. వాళ్ల విషయంలో మన మధ్య రెండు మాటలు నడుస్తున్నాయి. "అయ్యగారూ, వచ్చే ఆదివారమే సాక్ష్యం చెప్పించండి, యూత్‌కి బాగుంటుంది" అని ఒక మాట. "వాళ్లెవరో ఏమిటో తెలియకుండా ప్రేమవిందులో పక్కన కూర్చోబెట్టుకోవడం ఎలాగండి" అని ఇంకో మాట.

మొదటిది ప్రేమతో అన్నదే, కానీ కవరు కోసి గుమ్మరించడం లాంటిది. తాగుడు మాని నాలుగు నెలలైన మనిషి చేతికి మైకు ఇస్తే, అందరూ చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. రాత్రి గట్టు మీద ఒంటరిగా ఉండేది ఆయనే. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ని అధ్యక్షుడిగా పెట్టవద్దని పౌలు తిమోతికి రాసిన మాటలో ఆ మనిషి మీద అనుమానం లేదు, ఆయన పడిపోకూడదన్న ఆత్రం ఉంది.

రెండో మాటకు మేము కొంచెం కఠినంగానే జవాబిస్తాము. తొట్టిలో చేపను విడిగా పెట్టినట్టు వీళ్లనూ కొన్నాళ్లు విడిగా పెడుతున్నామని ఎవరైనా అంటే, ఆ చిన్న తొట్టి ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూడమని అడుగుతాము. అక్కడ మేత తక్కువ కాదు. నీళ్లు రోజు విడిచి రోజు మారుస్తాము. పెద్ద తొట్టి దగ్గరకంటే దాని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాము. అన్నిటికంటే ముఖ్యం, దానికి ఒక గడువుంది. వెనక చాప మీద కూర్చోబెట్టి, ఎవరూ పలకరించకుండా, ఎప్పటిదాకానో చెప్పకుండా వదిలేయడాన్ని చేపల భాషలో కూడా జాగ్రత్త అనరు. ఇంకా చెప్పాలంటే, "వాళ్లెవరో" అన్న ప్రశ్న వెనక మన ఊళ్లో అందరికీ తెలిసి, పైకి అడగని మరో ప్రశ్న ఉంది. దానికి పద్నాలుగు రోజులు కాదు, పద్నాలుగేళ్లు గడిచినా జవాబు దొరకదు. ఎందుకంటే అది రోగాన్ని వెతికే చూపు కాదు. ప్రభువు బల్ల దగ్గర ఆ ప్రశ్నకు చోటు లేదని మేము ఎన్నిసార్లైనా చెబుతాము.

మిర్యాము సంగతి చదవండి, సంఖ్యాకాండము 12. ఆమె ఏడు దినాలు పాళెం వెలుపల ఉంది. ఆమె లోపలికి వచ్చేదాకా జనమంతా ప్రయాణం ఆపి అక్కడే ఉన్నారు. అన్ని వేలమంది! బయట ఉన్నది ఒక్కతే అయినా, ఎదురుచూసింది అందరూ. యేసు ప్రభువు కుష్ఠరోగిని శుద్ధుణ్ని చేసినప్పుడు కూడా వరస గమనించండి. యాజకుడికి కనబరచుకోమని ఆ తర్వాత చెప్పాడు గాని, ముందు చెయ్యి చాపి ముట్టాడు. ఇక్కడ చేపల పోలిక ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా.

తొట్టిలో ఇంకొక సంగతి చూశాము. కొత్త చేప వచ్చినప్పుడు గొడవ మొదలుపెట్టేది ఎక్కువసార్లు పాతదే. ఏంజెల్ చేప ఒక మూల తనదనుకుంటుంది, అటు వచ్చినదాన్నల్లా పొడుస్తుంది. కొత్తదాన్ని వదిలేముందు రాళ్లూ మొక్కలూ చోట్లు మార్చితే పాతవాటికీ అది కొత్త ఇల్లే అవుతుంది, కొన్నాళ్లు ఎవరి మూల ఏదో తెలియదు. మన మందిరంలో పాతికేళ్లుగా ఎవరి కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో మాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఈ నెల నుంచి చాపలు అడ్డంగా కాక నిలువుగా పరిపిస్తున్నాము. కారణం అడిగినవాళ్లకు ఫ్యాన్ గాలి అని చెప్పాము. అసలు కారణం ఇప్పుడు తెలిసింది కదా.

సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులందరూ భయపడ్డారు, భయపడటంలో తప్పు కూడా లేదు. బర్నబా ఒక్కడు ఆయన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లాడు, ఆయన కథ ఆయన పక్కన నిలబడి తానే చెప్పాడు. మాకు ఈ కుటుంబానికి అలాంటివాళ్లు ఇద్దరు కావాలి. ఒక సహోదరుడు, రాత్రి చెరువు మీద పనున్నవారైతే మంచిది, పోతూ వస్తూ ఆయన పాక దగ్గర కాసేపు ఆగగలవారు. ఒక సహోదరి, ఆ అమ్మాయిని డ్వాక్రా సమావేశానికి తోడు తీసుకెళ్లగలవారు.

మరిచిపోకముందు, తొట్టి విసుగొస్తే చేపల్ని కాలువలో వదలకండి. ముఖ్యంగా అద్దం నాకే ఆ నల్ల సక్కర్ చేపను. ఎవరో అలా వదిలినవే మన చెరువుల్లో పెరిగి, ముళ్ల ఒంటితో వలలు చింపుతున్నాయి, చేపపిల్ల మేత తినేస్తున్నాయి. వద్దనుకుంటే మాకు తెచ్చివ్వండి. మా చిన్న తొట్టి ఖాళీగానే ఉంది.

ప్రార్థన మనవి: ఆ కుటుంబంలో పెద్ద పిల్లవాడికి పాత బడి నుంచి టీసీ ఇంకా రాలేదు. జూన్‌లో బడులు తెరిచేలోపు తెప్పించాలి. ఆ పని తెలిసినవారెవరైనా ఉంటే బుధవారం ఉపవాస ప్రార్థనకు వచ్చినప్పుడు మాతో మాట్లాడండి.