బ్లేడ్ బెయిట్‌కి ఏ రాడ్?

నవంబరులో ఈరీ సరస్సు నీళ్లు చల్లబడితే వాలై చేపలు మందకొడిగా అడుగున చేరతాయి. అప్పుడు బ్లేడ్ బెయిట్ అనే కృత్రిమ ఎరని మించింది లేదు. పల్చటి లోహపు రేకు, ముందువైపు సీసం బరువు. పైకి లాగగానే గజగజ వణుకుతుంది. ఆ వణుకు చేతికి తెలియాలి. రాడ్ ఎంచుకోవడమంతా అందుకే!

ఆరున్నర, ఏడడుగుల మధ్య, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ గ్రాఫైట్ రాడ్ నా ఎంపిక. మరీ బిర్రుగా ఉంటే మూడు మొనల కొక్కేలు నోరు చీల్చుకుని ఊడొస్తాయి, చేపకీ నరకమే. మెత్తటిదైతే రేకు సరిగా లేవదు.

చేప ఎక్కువగా రేకు కిందికి దిగేటప్పుడే అందుకుంటుంది. ఆ తాకిడి చేతికి తెలియాలి, అందుకే సాగని బ్రెయిడ్ లైను, చివర ఫ్లోరోకార్బన్ లీడర్. క్లీవ్‌లాండ్ వైపు మన మిత్రులకి నా మాట: డబ్బు రీలు మీద కాదు, రాడ్ మీద పెట్టండి.