ఎల్లో బోర్డు

వంటింటి గురించి, పురుడు గురించి, పొలం గురించి, ఆఫీసు గురించి ఆడవాళ్ళు రాసినవి ఎన్నో చదివాను. బండి గురించి రాసినవి మాత్రం చాలా తక్కువ. ఉన్నా, స్కూటీ నేర్చుకున్న మొదటి రోజు ముచ్చట దగ్గర ఆగిపోతాయి. నాకు చెప్పుకోవడానికి ఉన్నదేమో బండే. పదకొండేళ్ళు బొలేరో పికప్ నడిపాను. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఇచ్చేసి గ్రాండ్ విటారా తెచ్చుకున్నాను, నాలుగు చక్రాలకూ బలం అందే ఆల్‌గ్రిప్ రకం. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. బిడ్డ ఫోటో తీసి ముప్పై మందికి పంపింది. నాకు మాత్రం ఆ సంబరం పూర్తిగా పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే పికప్ ఏం మోసిందో చెప్పాలి.

కరీంనగర్ పొలిమేరలో మాకో నర్సరీ ఉంది. ట్రేలలో టమాట, మిరప, వంకాయ నారు పోస్తాం. మామిడి, జామ, కరివేపాకు మొక్కలు పెంచుతాం. మృగశిర నుంచి శ్రావణం దాకా మాకు సీజను. ఆ రెండు మూడు నెలలు నారంతా ఆదిలాబాద్ అంగళ్ళకే పోయేది. జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం, అడవిలోంచి ఉట్నూరు, ఇంద్రవెల్లి. ఒక్కోసారి ఉట్నూరు నుంచి జైనూరు, అక్కడి నుంచి కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్ మీదుగా తిరిగి రావడం. నేను మొదలుపెట్టినప్పుడు ఇదంతా రెండే జిల్లాలు. 2016 అక్టోబరు 11 తర్వాత జన్నారం మంచిర్యాల జిల్లా అయింది, జైనూరు కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా అయింది, మా జగిత్యాల కూడా వేరే జిల్లా అయింది. బోర్డులు మారినయి. గుంతలు ఎక్కడివక్కడే ఉన్నయి.

బండి 2012లో మా ఆయన కొన్నాడు, ఏపీ 15 నంబరు. 2013లో ఆయన పోయాడు. పదకొండో రోజు గడవకముందే బావగారూ మరుదులూ కూర్చుని బండి అమ్మాలని తేల్చేశారు. “ఆడిమనిషివి, లారీలల్ల నువ్వేడ తిరుగుతవమ్మా” అన్నారు. అది లారీ కాదు, కానీ వాళ్ళ లెక్కలో సరుకు మోసేదంతా లారీయే. అమ్మితే వచ్చే డబ్బులు ఫైనాన్సు బాకీకే చాలవు. పైగా షెడ్డులో అప్పటికే మొలకెత్తిన మిరప నారు ఉంది. నారు చావుకోసం ఆగదు. పెళ్ళయిన కొత్తలో సరదాకి తీసుకున్న కారు లైసెన్సు నా పెట్టెలో ఉంది. ఓనరు చనిపోతే పేరు మార్చుకోవడానికి ఫారం 31 అని ఒకటి ఉంటుంది. దానికి మరణ ధ్రువపత్రం, వారసుల ఒప్పుదల జతచేయాలి. ఆ ఫారం నింపిన రోజే ఆయన పోయాడన్న సంగతి నాకు నిజంగా తెలిసొచ్చింది.

సరుకు బండి నడపాలంటే అప్పట్లో కారు లైసెన్సు ఒక్కటే చాలదు. ట్రాన్స్‌పోర్టు అనుమతి కావాలి, మన వైపు బ్యాడ్జి అంటారు. దానికి కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. నేను పదో తరగతి కాబట్టి గట్టెక్కాను. నాతో పాటు నర్సరీలో పనిచేసే ఆమెకు ట్రాక్టరు మీద చెయ్యి నాకంటే బాగా తిరుగుతుంది, కానీ నాలుగుతోనే బడి మాన్పించారు. ఎవరి చదువు ముందు ఆగిపోతుందో తెలిసిన దేశంలో ఆ ఎనిమిదో తరగతి నిబంధన ఎవరిని బండి దింపిందో వేరే చెప్పాలా! 2019లో దాన్ని ఎత్తేశారు. అంతకుముందే, 2017లో, సుప్రీంకోర్టు 7,500 కిలోల లోపు బండికి మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలునంది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. నేను బండి అమ్మడానికి తిప్పలు పడుతున్న రోజుల్లోనే ఆ వార్త చదివాను. నర్సరీ ఆమెకు చెబితే, “ఇప్పుడు నాకు కండ్లు కనవడయి, ఇప్పుడిచ్చిన్రా” అంది.

పికప్ ముందు భాగంలో కూర్చునే చోటు ఎంతని! డ్రైవరు పక్కన ఇద్దరు ఇరుక్కుంటే, నడుమ కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు గేరు రాడ్ తగులుతూ ఉంటుంది. మగ డ్రైవరు బండి ఎక్కిన ఏ ఆడమనిషినైనా అడగండి, ఆ నడుమ సీటు అంటే ఏమిటో చెబుతుంది. రెండో గేరు, నాలుగో గేరు పడ్డప్పుడల్లా చెయ్యి ఎటు వస్తుందోనని పేగులు బిగబట్టుకుని కూర్చోవాలి. తల్లులు ఆడపిల్లల్ని అటు చివరకు నెట్టి తాము నడుమ కూర్చుంటారు. నా బండి దగ్గర మాత్రం నడుమ సీటు కోసం కొట్లాట. అక్కడైతే ఇంజను వేడికి చలికాలంలో కాళ్ళు వెచ్చగా ఉంటాయని ఒక ముసలి గోండు బాయి నాకు చెప్పింది. ఆ వేడిని నేను అన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నాను.

అంగడి ముగిసేసరికి బండి ఖాళీ అయ్యేది. ఉట్నూరు నుంచి జన్నారం దాకా దారి పొడుగునా చెయ్యెత్తేవాళ్ళు. కందిపప్పు మూట, కోళ్ళ గంప, కొత్త బిందె, పుట్టింటికి పోతున్న పచ్చి బాలింత. ముందు ఇద్దరికి మించి నేను ఎక్కించుకునేదాన్ని కాదు. వెనక తొట్టిలో మనిషిని ఎక్కించకపోవడం నేను పెట్టుకున్న నియమం. దానికి నన్ను చాలామంది తిట్టారు. “మూటను ఎక్కిచ్చుకుంటవు, మమ్ముల ఎక్కిచ్చుకోవా, మూటకన్న తక్కువనా మేము?” అని ఇంద్రవెల్లి దగ్గర ఒకామె నిలదీసింది.

ఆమె అడిగిన ప్రశ్న మీద సుప్రీంకోర్టు తీర్పే ఉంది. ఆశారాణి కేసులో 2002 డిసెంబరులో, సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బండి ఇన్సూరెన్సు వర్తించదని చెప్పింది. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి పొద్దున్నే ట్రాలీల్లో నిలబడి పోయే ఆడకూలీలు మనకు రోజూ కనబడతారు. బండి బోల్తా పడితే వాళ్ళు ఆ కాగితం ప్రకారం బండిలో లేనట్టే. అయితే 1994లో చట్టానికి చేసిన సవరణ ఒకటుంది. సరుకు యజమానికి, లేదా యజమాని పంపిన మనిషికి, సరుకుతో పాటు ప్రయాణిస్తే రక్షణ ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సరుకు యజమాని ఎవరు? విత్తింది, కలుపు తీసింది, ఏరింది, మూట కట్టింది ఆమె. పట్టా మొగుడి పేరు మీద, పత్తి అమ్మిన చీటీ మొగుడి పేరు మీద. తన పత్తి మీద తాను కూర్చున్న మనిషి, ఆ పత్తి తనదేనని రుజువు చేసుకోవాల్సి వస్తే ఏ కాగితం చూపిస్తుంది? ఇది ఎవరైనా వకీలు ఆడవాళ్ళతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడాల్సిన సంగతి. నాకు చేతనైంది వాళ్ళను తొట్టిలోంచి దింపడం వరకే.

ఇక బండి ఎందుకు మార్చానంటే, నడుము. ఖాళీ పికప్ వెనక కమాను పట్టీలు సరుకు ఉంటేనే మెత్తబడతాయి. ఖాళీగా ఉంటే ప్రతి గుంతా వెన్నుపూసలోకి వస్తుంది. డాక్టరమ్మ స్కాను చూసి, “బండి మారుస్తవా, నన్ను మార్చుకుంటవా” అంది. రెండోది, అవ్వ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఆ ఎత్తు ఎక్కలేక బిడ్డ పనిచేసే ఆశ్రమ పాఠశాల చూడనే లేదు. మూడోది, వాన. పికప్‌కు ఇంజను బలం వెనక చక్రాలకు పోతుంది. తొట్టి ఖాళీగా ఉంటే ఆ చక్రాల మీద బరువుండదు, తడి నేల మీద ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. వానాకాలంలో తిరుగు ప్రయాణానికి నేను నాలుగు ఇసుక సంచులు వేసుకునేదాన్ని. కొత్త బండికి మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, అవి జారితే బలం కొంత వెనక చక్రాలకు దానంతటదే మళ్ళుతుంది. కింద 210 మిల్లీమీటర్ల ఎత్తు. ఆదిలాబాద్ నల్లరేగడి గురించి మాత్రం మోసపోవద్దు. తడిసిన రేగడి టైరు గీతల్లో మెత్తుకుపోయాక రెండు చక్రాలు లాగినా నాలుగు లాగినా ఒకటే. దిగి కట్టెపుల్లతో గీకాల్సిందే.

షోరూంలో అమ్మకాల పిల్లగాడు అన్నీ మా అల్లుడికి చెప్పాడు. ఆ అబ్బాయికి బండి నడపడం రాదు. “సార్, ఈ నాబ్ తిప్పితే ఆటో, స్పోర్ట్, స్నో, లాక్” అంటుంటే అల్లుడు నా వైపు చూసి నవ్వాడు. స్నో అంటే మంచు. ఆదిలాబాద్‌లో డిసెంబరు చలికి మంచు కురవదు కానీ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి, ఆ మాట అంటే పిల్లగాడికి అర్థం కాలేదు. తీరా పాత బండి సంగతి వచ్చేసరికి ఎల్లో బోర్డును ఎక్స్ఛేంజికి తీసుకోమన్నారు. బయటే చూసుకోవాల్సి వచ్చింది. పెద్దపల్లి వైపు టెంట్‌హౌస్ నడిపే తమ్ముడు వచ్చి, లేడీస్ నడిపిన బండి కాబట్టి క్లచ్ పోయి ఉంటుందని ముందే పదివేలు తగ్గించమన్నాడు. మెకానిక్‌ను తెచ్చుకుని చూపించుకున్నాక, లేడీస్ నడిపిన బండి కాబట్టి క్లచ్ ఇంత బాగుందన్నాడు. పదివేలు మాత్రం మళ్ళీ పెంచలేదు. నేనూ వదల్లేదు, రెండు గంటలు చాయ్ మీద చాయ్ తాగించి అయిదు వేలు రాబట్టాను. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఏడాదిది నేను చేయించే ఉన్నాను మరి.

కొత్తది టీజీ 02, తెల్ల బోర్డు. ఆ వానాకాలం నారు ట్రేలు కిరాయి ఆటోలో ముందు పోయాయి, నేను వెనక పోయాను. నడుము నొప్పి లేదు. అవ్వ ముందు సీట్లో కూర్చుని కెరమెరి ఘాట్ మలుపులన్నీ లెక్కపెట్టింది. కానీ దారిలో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అవే చెట్లు, అవే మలుపులు, అదే నేను. కారు చూసి మనుషులు రోడ్డు దిగి పక్కకు జరుగుతున్నారు. నేనే ఆపి అద్దం దించితే, “వద్దు మేడం, బస్సు వస్తది” అంటున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. మంచి పని, నేనూ ఎక్కుతాను. కానీ కోళ్ళ గంపతో కిక్కిరిసిన బస్సు ఎక్కడం, రోడ్డు దిగాక గూడెం దాకా మూటతో నడవడం అలాగే ఉన్నాయి.

దీన్ని చాలా రోజులు ఆలోచించాను. ఎల్లో బోర్డు ఉన్నప్పుడు సరుకు ఎక్కించొచ్చు, తొట్టిలో మనిషి ఎక్కకూడదు. తెల్ల బోర్డులో మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు, కిరాయికి సరుకు వేయకూడదు. అంగడికి పోయే ఆడమనిషి సరుకు లేకుండా ఎప్పుడుంటుంది? ఆమెనూ ఆమె మూటనూ కలిపి ఒకచోట చూసే బోర్డు ఏ రంగుదో నాకు తెలీదు.

మెల్లమెల్లగా కొందరు ఎక్కుతున్నారు. మొదట ఎక్కింది ఆ ముసలి గోండు బాయే. సీటు తడిమి చూసి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, చెప్పులు బయటే విడవబోయింది. “చెప్పులేసుకునే కూసో బాయీ” అంటే ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కాళ్ళకు వెచ్చగా లేదేమని అడిగింది. హీటరు వేస్తే గాలి ముఖానికి కొట్టిందని నవ్వింది. వెనక సీట్లు తీయించి రేకు పరిపిద్దామనుకుంటే ఆర్‌సీలో రాసిన సీట్లు పీకకూడదని మెకానిక్ చెప్పాడు. అందుకని మడిచి, దాని మీద పాత బండి తార్పాలిన్ పరిచాను. పికప్‌తో పాటు అన్నీ ఇచ్చేశాను కానీ తార్పాలిన్ ఇవ్వలేదు. ఇప్పుడు దాని మీద రెండు కందుల మూటలు, ఒక గంప పడతాయి. కోళ్ళు మాత్రం సీటు మీదికి ఎగురుతున్నాయి, గంపకు వల కట్టుకుని రమ్మని చెప్పాను.