నెత్తి పలిగితే… లింగాల దవాఖానలో ఒక పూట

లింగాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డ్రెస్సింగ్ గది బల్ల మీద కూర్చున్న పెద్దాయన బనీను ముందంతా ఎర్రగా తడిసి ఉంది. పల్లీ బస్తాలు దించుతుంటే ట్రాక్టర్ ట్రాలీ తలుపు గొళ్లెం ఊడి నెత్తి మీద పడిందట. గాయం మీద నల్లటి ముద్ద కనిపిస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే చాయ్‌పత్త. దాని కింద పసుపు. వాటన్నిటినీ దాటుకుని చెవి పక్కనుంచి రక్తం ఇంకా కారుతూనే ఉంది.

"సీసెడు నెత్తురు పోయింది సిస్టరమ్మా, మనిషి దక్కుతడా?" అని ఆయన భార్య ఒకటే గుబులు పడుతోంది.

"ఏం గాదు పెద్దమ్మా, నువ్వు జర బయట కూసో. పెద్దయ్యా, కండ్లు తిరుగుతున్నయా? వాంతి వస్తున్నదా?"

"ఏం లేదు బిడ్డా. మంట ఒక్కటే."

నర్సు సెలైన్‌తో ముద్దంతా కడిగేసింది. మడత పెట్టిన గాజుగుడ్డ గాయం మీద ఉంచి అరచేత్తో గట్టిగా అదిమిపట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాక చెయ్యి తీస్తే ధార ఆగిపోయి కొంచెం చెమర్చినట్టు ఉంది, అంతే. నేను చూడ్డానికి వెళ్లింది సరిగ్గా ఇదే. నల్లమల అంచున ఉన్న ఈ మండలంలో నెత్తి గాయాలకు కారణాలు వెతుక్కోనక్కర్లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో తేనె కోసం తాళ్లు పట్టుకుని కొండచరియల మీంచి దిగేవాళ్లున్నారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి రాళ్ల దారిలో దిగే జనం ఉన్నారు. ఇక హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని బండి నడిపే కుర్రాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు.

డాక్టర్ వచ్చి, తొడుగేసుకున్న వేలిని గాయంలోకి పోనిచ్చి ఎముకను తడిమి చూశారు. పగులు గానీ లొత్త గానీ తగులుతుందేమోనని. తగల్లేదు. మత్తుమందు ఇచ్చి కుట్లు మొదలుపెట్టారు. జుట్టు గొరగలేదు. తడిపి పాయ తీసి పక్కకు నెట్టారు. గొరిగితే వచ్చే మేలేమీ లేదట, బ్లేడు గాట్లు తప్ప. గాయం చిన్నదై జుట్టు పొడుగ్గా ఉంటే అటూ ఇటూ వెంట్రుకలనే మెలేసి జిగురు చుక్క వేసి మూసే పద్ధతి కూడా ఉంది.

"ఇంత రక్తం ఎందుకు సార్?" అని అడిగాను.

"మీ అయిదు వేళ్లూ నెత్తి మీద ఆనించి ముందుకూ వెనక్కూ జరపండి," అన్నారు కుడుతూనే.

మీరూ జరిపి చూడండి. చర్మం వేళ్లతో పాటు కదులుతుంది, వేళ్లు చర్మం మీద జారవు. నెత్తికి ఐదు పొరలుంటే పై మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఒక్కటిగా కదులుతాయి. మొదటిది వెంట్రుకలున్న చర్మం. రెండోది గట్టి నారలు అల్లుకున్న కొవ్వు పొర. మూడోది గేలియా అనే దిట్టమైన పలుచని పట్టా, నుదుటి కండరానికీ తల వెనక కండరానికీ మధ్య బిగించి ఉంటుంది. నాలుగోది వదులు పొర, కదలికంతా అక్కడే. ఐదోది ఎముకను అంటిపెట్టుకున్న సన్నని పొర.

రక్తం సంగతి రెండో పొరలో ఉంది. ఒక్కో పక్క ఐదు ధమనులు తలకెక్కుతాయి. నుదుటి మీదుగా రెండు, చెవి ముందు ఒకటి, చెవి వెనక ఒకటి, మెడ వెనక నుంచి ఒకటి. పైకి వెళ్లాక అన్నీ కలిసిపోతాయి. అందుకే తెగిన చోట రెండు అంచుల నుంచీ కారుతుంది. చేతి మీద నాళం తెగితే అది ముడుచుకుని తనంతట తాను మూసుకుంటుంది. నెత్తిలో నారలు దాని గోడలను పట్టి ఉంచుతాయి. గోడకు మేకులతో బిగించిన పైపు తెగితే నోరు తెరుచుకునే ఉంటుంది కదా, అలాగ. అయితే వెనకాలే పుర్రె ఎముక ఉంది కాబట్టి శుభ్రమైన గుడ్డతో అదిమితే నాళం ఎముకకు ఆని మూసుకుంటుంది. చాయ్‌పత్త చేసే పని ఇందులో ఏమీ లేదు. పెద్దాయన తువ్వాల భుజం మీదే ఉంది, డబ్బా కోసం వంటింట్లోకి పరుగెత్తారు!

ఇంత రక్తం ప్రవహించే చర్మం గనుకే త్వరగా మానుతుంది కూడా. కుట్లు సాధారణంగా ఏడు నుంచి పది రోజుల్లో తీసేస్తారు. గాయం గేలియా దాకా అడ్డంగా తెగితే మాత్రం ముందు కండరం ముందుకూ వెనక కండరం వెనక్కీ లాగి గాయం నోరు తెరుస్తుంది. అప్పుడు గేలియాను కూడా కలిపి కుట్టాలి.

వైద్యులు నిజంగా జంకేది నాలుగో పొరకు. అక్కడికి చీము చేరితే నెత్తంతా పాకుతుంది. ఎముకను తొలుచుకుని మెదడు చుట్టూ ఉన్న సిరల దాకా వెళ్లే నాళాలున్నాయి. వాటికి కవాటాలు లేవు, రక్తం ఎటైనా నడవొచ్చు, దానితో క్రిములూ నడవొచ్చు. గాయంలో చాయ్‌పత్త, బూడిద, సున్నం కూరకూడదనేది అందుకే. ఆ పొరలోకి దిగిన రక్తం నుదుటి మీదుగా పైరెప్పల్లోకి కూడా జారుతుంది. "రేపో ఎల్లుండో కండ్లు నల్లగయితే ఇంట్ల ఉండకు, వచ్చి చూపెట్టు," అని డాక్టర్ పెద్దాయనకు చెప్పారు. చాలాసార్లు అది జారిన రక్తమే. ఒక్కోసారి పుర్రె అడుగున పగులుకు గుర్తు. చూడకుండా తేల్చలేం.

బయట వరండాలో పసిబిడ్డతో ఒక అమ్మమ్మ కూర్చుని ఉంది. బిడ్డ మాడుకు ఆముదం అద్ది ఉంది. నెత్తికి ఓ పక్క బొప్పి. "ఒత్తి సాపు చేద్దమంటే బిడ్డ ఒద్దంటది," అని కూతురి మీద ఫిర్యాదు. ఈ ఒక్క విషయంలో కూతురిదే గెలుపు. పసిబిడ్డ నెత్తి మీద ఇలాంటి వాపులు మూడు రకాలు. కాన్పు ఒత్తిడికి పుట్టుకతోనే కనిపించే మెత్తని వాపు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎముకకూ ఐదో పొరకూ మధ్య రక్తం చేరితే బొప్పి కొన్ని గంటల తర్వాత తేలుతుంది, ఒక్క ఎముక హద్దు దాటదు, కరగడానికి వారాలు పడుతుంది, కామెర్లు వస్తాయేమో కనిపెట్టాలి. మూడోదే ప్రాణాంతకం: నాలుగో పొరలో రక్తస్రావం. దానికి హద్దు లేదు, చెవుల దాకా మెడ దాకా మెత్తగా పాకుతుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే పావు లీటరు చిల్లర. అందులో చాలా భాగం ఆ ఖాళీలోనే పోగుపడొచ్చు. బిడ్డ పాలిపోతుంది, చుక్క రక్తం బయటికి కనిపించదు. నర్సు బొప్పి అంచును వేలితో తడిమి చూసి, ఎముక హద్దులోనే ఉందని నిర్ధారించుకుని, "ఒత్తొద్దు, పిండొద్దు, సూది అసలే పెట్టియ్యొద్దు," అంది. అమ్మమ్మ మూతి ముడిచింది.

బజార్లో సెలూన్ ఆయనకు ఊరి నెత్తులన్నీ కంఠతా వచ్చు. దువ్వెన తగిలే గడ్డలు ఎవరికున్నాయో, ఏ పిల్లాడికి రెండు సుడులున్నాయో చెప్పేస్తారు. రెండు సుడులకు రెండు పెళ్లిళ్లన్నది మనవాళ్ల ముచ్చట. సుశ్రుతుడు సుడి చోటును అధిపతి మర్మమన్నాడు, దెబ్బ తగిలితే అప్పటికప్పుడే ప్రాణం పోయే మర్మాల్లో చేర్చాడు. సెలూన్‌లో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది, పిల్లల తల తామర మిషన్ నుంచో దువ్వెన నుంచో అంటుకోవచ్చు. పూత మందు ఒక్కటే చాలదు, మాత్రలు మింగాలి. పేలతో పుండ్లయిన పిల్లలకు మెడ వెనక బిళ్లలు కట్టడం కూడా నెత్తి కథే. నెత్తిలో లింఫు గ్రంథులు లేవు, అక్కడి మురికంతా మెడకూ చెవుల పక్కకూ దిగుతుంది.

పక్కనే పిండి గిర్ని. తిరిగే పట్టాకు అడ్డంగా జాలీ లేదు. జడ వేసుకున్న అమ్మాయి దాని పక్కనే వంగి పిండి ఎత్తుకుంటోంది. జడ చిక్కితే నెత్తి ఆ వదులు పొర దగ్గరే ఒక్కపెట్టున ఊడి వస్తుంది, కనుబొమల నుంచి మెడ దాకా. బ్రెజిల్‌లో అమెజాన్ నది పడవల ఇంజన్ ఇరుసులకు ఆడవాళ్ల జుట్టు చిక్కి ఇలాంటి ప్రమాదాలు ఎన్నో జరిగాక 2009లో ఇరుసుకు మూత తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. మన గిర్నికి మూరెడు ఇనుప జాలీ చాలు. ఊడిన నెత్తిని తిరిగి అతికించవచ్చని 1976 నుంచే వైద్యలోకానికి తెలుసు. ఒక్క ధమని దొరికినా మొత్తం చర్మం బతికిన సందర్భాలున్నాయి. కానీ దాన్ని తడి గుడ్డలో చుట్టి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసులో పెట్టి, గంటల్లో పెద్దాసుపత్రికి చేర్చాలి. ఐసు నేరుగా తగలకూడదు. లింగాల నుంచి హైదరాబాద్ ఎంత దూరమో తెలిసినవాళ్లకు జాలీయే నయమని చెప్పనక్కర్లేదు.

దవాఖానలో ధనుర్వాతం సూది వేయించుకుని పెద్దాయన లేచారు. డాక్టర్ ఆయన భార్యను పిలిచి చెప్పిన మాటలే పాఠకులకూ చెబుతున్నాను. నెత్తి నెత్తురుకు బెదరకండి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తకుండా అదమండి. లొత్త పడినట్టు, ఎముక కదిలినట్టు ఉంటే మాత్రం అదమకుండా గుడ్డ కప్పి వెంటనే తీసుకురండి. దెబ్బ తగిలి చుక్క రక్తం కూడా రాని మనిషిని తేలిగ్గా తీసుకోకండి, ఒక రోజంతా ఒంటరిగా వదలకండి. మళ్లీ మళ్లీ వాంతి, మగత, పొంతన లేని మాటలు, ఫిట్స్, ముక్కు చెవుల నుంచి నీరు, కాలో చెయ్యో పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.