పుర్‌ఖౌతీలో మా మావయ్య

మా మావయ్యది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఏటా వేసవికి మేమే అక్కడ వాలిపోతాం కాబట్టి, ఆయన మా గడప తొక్కాల్సిన పని ఇన్నేళ్లూ పడలేదు. మొన్న సంక్రాంతి వెళ్లి, నూర్పులు కూడా అయిపోయాక కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాడు. మా బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద సంచి దింపి, నలువైపులా చూసి, “పరదేశం వచ్చేసినట్టుందిరా అల్లుడా” అన్నాడు.

నాకు చురుక్కుమంది. రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. ఆ లైను మీదే మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఖలాసీగా ఇక్కడికి వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టాడు, లోకోషెడ్డులో చేశాడు, రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి మంగ్లాలో ఇల్లు కట్టాడు. మూడు తరాలు బతికాక కూడా పరదేశమేనా?

సరే, పరదేశమైతే పరదేశంలాగే చూపిద్దామని మర్నాడు కారు మాట్లాడాను. నవా రాయ్‌పూర్‌లో ఉపర్‌వారా అనే ఊరి దగ్గర పుర్‌ఖౌతీ ముక్తాంగణ్ ఉంది. పుర్‌ఖా అంటే పూర్వీకులు. పెద్దల వాకిలి అనుకోండి. 200 ఎకరాల వాకిలి. 2006లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. మా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిందే 2000 నవంబరు 1న. కొత్తగా వేరుకాపురం పెట్టిన ఇంట్లో ముందు గోడకి తాతముత్తాతల ఫొటోలు తగిలిస్తారు చూడండి, అలాంటి పనే ఇది.

నేను ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఫొటోలు దిగి వచ్చేశాను. ఈసారి గైడు హోదాలో నడిచాను. అక్కడి తమాషా ఏమిటంటే దూరాలు. కవర్ధా దగ్గరుండే భోరమ్‌దేవ్ గుడి, దంతేవాడ దంతేశ్వరి, జగ్దల్‌పూర్ దాటాక దూకే చిత్రకోట్ జలపాతం అన్నీ నమూనాలుగా ఒక్క ఆవరణలోనే. అసలువి తిరిగి రావాలంటే నాలుగు రోజులైనా సెలవు పెట్టాలి. ఢోల్‌కల్ వినాయకుడు కూడా ఉన్నాడు. అసలు విగ్రహం బస్తర్ అడవిలో కొండ కొమ్మున ఒంటరిగా ఉంటుంది. 2017లో ఎవరో కిందికి తోసేస్తే ముక్కలైంది. ఆ ముక్కలేరి, అతికించి, మళ్లీ ఆ కొమ్మునే కూచోబెట్టారు. ఇక్కడ మాత్రం కొండెక్కే పని లేదు. “స్వామే దిగొచ్చాడు, మోకాళ్లు బతికాయి” అని మావయ్య చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. నమూనాకి దణ్ణమేమిటని నేను నవ్వబోయి ఊరుకున్నాను. మట్టి వినాయకుడికి పెట్టడం లేదూ!

బస్తర్ భాగానికి ‘ఆమ్చో బస్తర్’ అని పేరు. హల్బీలో ‘మా బస్తర్’ అని. అక్కడ దసరా రథం ముందు నాకు తెలిసిన ముక్క ఒకటి చెప్పాను. బస్తర్ దసరా 75 రోజుల పండగ, రావణాసురుణ్ణి కాల్చడం ఉండదు, అంతా దంతేశ్వరీ దేవిదే. ఆ దేవిని కొలిచిన రాజులు కాకతీయుల వారసులమని చెప్పుకుంటారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటొచ్చాడని కథ. మావయ్య రథం చక్రం మీద చెయ్యేసి కాసేపు ఆలోచించాడు. “అయితే మీ తాత కంటే ముందొచ్చినోడు ఒకడున్నాడన్నమాట. ఆడికి మాత్రం క్వార్టరు పెద్దదే ఇచ్చారు.”

అక్కడితో నా గైడు పని అయిపోయింది. నాట్యాల బొమ్మల దగ్గరికి వచ్చేసరికి అడగడం ఆయన వంతయింది. పంథీ, సువా, రౌత్ నాచా. మనిషంత బొమ్మలు, ఆడుతూ ఆడుతూ ఉన్నపళంగా ఆగిపోయినట్టు. సువా ఆడవాళ్ల ఆట. బుట్టలో వడ్లు పోసి, మట్టి చిలకని పెట్టి, చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ ఆ చిలకతో కష్టసుఖాలు చెప్పుకుంటారు. దీపావళి రోజుల్లో మా గుమ్మంలోకీ వచ్చేవారు. అమ్మ చేటలో బియ్యం తెచ్చి పోసేది. నేను హోంవర్కు వంక పెట్టి లోపలే ఉండేవాణ్ణి.

రౌత్ బొమ్మ ముందు మావయ్య ఆగిపోయాడు. తలపాగా, చేతిలో కర్ర. “ఎవరీళ్లు?” అన్నాడు. యాదవులు, పశువుల్ని కాస్తారు, పాలు పోస్తారు అన్నాను. “ఓరి, మన గొల్లలేరా!” అన్నాడు గట్టిగా. పక్కన ఫొటోలు దిగుతున్న కుర్రాళ్లు తిరిగి చూశారు. మా ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడేది గొల్లలే. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గెంతుతారు. “వీళ్లకి తప్పెట ఉండదా? పాట ఎవరెత్తుకుంటారు? గజ్జెలు రెండు కాళ్లకీనా?” నాకొక్కటీ తెలియదు. పుట్టి పెరిగిన ఊళ్లో నేనే పరదేశిలా నిలబడ్డాను. చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పుకున్నా ఆయన ప్రశ్నలు ఆగలేదు.

జవాబులు మర్నాడు పొద్దున్న మా గుమ్మంలోకే వచ్చాయి, పాల క్యానుతో. మాకు పదిహేనేళ్లుగా పాలు పోసేది రౌతే. ఏటా నాట్యంలో ఆడతాడని ఆ పూట దాకా నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. నేను దుబాసీని. ముందు ఒకడు గొంతెత్తి దోహా పద్యం చెప్తాడట, ఆ వెంటనే గడవా బాజా మేళం అందుకుంటుందట, అప్పుడు కర్రలెత్తి అడుగులేస్తారట. గవ్వలు కుట్టిన చొక్కా ఇంటి దగ్గర పెట్టెలో భద్రంగా ఉందన్నాడు.

మావయ్య ఊరుకుంటాడా? వంటింట్లోంచి స్టీలు కంచం తెచ్చి గుండెకి ఆనించి, వరండాలో తప్పెటగుళ్ల అడుగు రెండేసి చూపించాడు. అరవై దాటిన మనిషి. పాలాయన క్యాను కింద పెట్టి, మా గొడుగు కర్రలా పట్టుకుని తన అడుగు వేశాడు. అమ్మ గుమ్మంలో గిన్నె పట్టుకుని నవ్వలేక చస్తోంది. ఆ ముందురోజు రానూపోనూ 200 కిలోమీటర్లు దాటి చూసొచ్చిన దానికంటే ఆ రెండు నిమిషాలే బాగున్నాయి. అయితే ముక్తాంగణ్ చూడకపోతే ఆ రెండు నిమిషాలూ దొరికేవి కావు, అది కూడా ఒప్పుకోవాలి.

దేవ్ ఉఠనీ ఏకాదశి, అంటే మన క్షీరాబ్ది ద్వాదశికి ముందురోజు, దాటాక బిలాస్‌పూర్‌లో రౌత్ నాచా మహోత్సవం జరుగుతుంది. జట్లు జట్లుగా వచ్చి ఆడతారు. మావయ్య ఈ కార్తీకానికి మళ్లీ వస్తానన్నాడు, తప్పెట పట్టుకుని. మీరూ రండి. స్టేషన్‌లో దిగి మంగ్లా చౌక్ అంటే ఆటోవాళ్లెవరైనా తీసుకొస్తారు.